వంకలు పెట్టి కొన్న కంప్యూటరు

మా వైపు ఎవరైనా ఒక వస్తువు కొనబోతూ అది బాగుందన్నారంటే వాళ్ళకు కొనడం రాదని అర్థం. ఉదయగిరి చెక్క గరిటె అయినా, సంతలో గేదె అయినా, ముందు వంక పెట్టాలి. పిడి వంకర అనాలి, కొమ్ము పొట్టి అనాలి. అది వంకర కాదని అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. అయినా ఆ మాట అనుకున్నాకే రేటు కిందికి దిగుతుంది. నచ్చిన వస్తువును నచ్చనట్టు చూడటం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఆ విద్య వల్లే మా ఇంట్లో ఒక పెద్ద సంగతి నా కళ్ళ ముందే చాలాకాలం దాగి ఉంది.

నేను ఆత్మకూరు హైస్కూల్లో తెలుగు టీచరును. మా ఆయన ఉదయగిరి కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. కాపురం ఆత్మకూరులో. ఆయన పొద్దున్నే బస్సెక్కి ఉదయగిరి పోయి పొద్దుగూకాక తిరిగొచ్చేవారు. నాకు మనుషుల మీద అనుమానం ఎక్కువ. పాలామె కొలపాత్రలో వేళ్ళు ముంచుతుందని అనుమానం, అద్దెకిచ్చిన ఇంటాయన కరెంటు మీటరుకు ఏదో చేస్తాడని అనుమానం. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వీళ్ళకు నాతో ఏం పని పడిందబ్బా అని ముందు చూసేదాన్ని. అందుకు నేనేమీ సిగ్గుపడను. నన్ను మోసం చేయగలిగినవాళ్ళు చాలా తక్కువ.

ఆయనకు మనుషుల మీద అనుమానం లేదు. అడిగినవాళ్ళకల్లా సంతకం పెట్టిచ్చే రకం. ఆయన అనుమానమంతా అంకెల మీద. డెబ్బైల చివర్లో కాలేజీ ఆవరణలో ఒక ఇనుప తొట్టి పెట్టించి, నీళ్ళు నింపి, రోజూ ఎండకు ఎన్ని మిల్లీమీటర్లు ఎగిరిపోతున్నాయో కొలవడం మొదలుపెట్టారు. ఉదయగిరి నుంచి సీతారామపురం దాకా మెట్ట ఊళ్ళ చెరువులు శివరాత్రికే అడుగంటుతాయి. ఆ నీళ్ళలో ఎండ తాగేదెంత, భూమి తాగేదెంత అన్నది ఆయన థీసిస్. తొట్టికి కోళ్ళ వల కట్టించారు. అయినా ఒకరోజు అంకె కాస్త ఎక్కువొస్తే, మేక మూతి పెట్టిందేమోనని వాచ్‌మన్‌ను నిలదీసేవారు. చెరువు రెండు రోజుల్లో ఎండిపోయేట్టు ఏ స్టూడెంటైనా జవాబు రాస్తే, ఆ పేపరు ఇంటికి తెచ్చి నాకు చూపించి మరీ మండిపడేవారు. "అంకె వచ్చినాక దాని మొహం ఒకసారి చూడొద్దా?" అనేవారు.

ఎనభైల చివరికి ఆ థీసిస్ పీకల మీదికొచ్చింది. యూనివర్సిటీ వాళ్ళు అప్పటికే ఒకసారి గడువు పెంచారు. ఇంక పెంచేది లేదు, ఏడాదిలోగా ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామని కబురు పంపారు. ఇన్నేళ్ళు ఎండలో నిలబడి కొలిచిన కొలతలన్నీ బూడిదలో పోసిన పన్నీరే. నెల్లూరులో ఒక టైపిస్టుకు ఒక అధ్యాయం ఇచ్చి చూశాం. సమీకరణం వచ్చిన చోటల్లా ఖాళీ వదిలేసి, మీరే పెన్నుతో రాసుకోండన్నాడు. ఒక్క అంకె మారితే పేజీ అంతా మళ్ళీ కొట్టాలన్నాడు. లెక్కలేమో ఎర్ర అంకెలు వెలిగే పాత కాలిక్యులేటరు మీద నత్తనడక నడుస్తున్నాయి. బూడిద రంగు అంకెలొచ్చే పల్చటి కొత్తది నేను కొనిచ్చినా ఆయన తాకలేదు. డబ్బు తగలేశానని నన్ను ఎత్తిపొడుస్తున్నారనుకుని రెండు రోజులు మాట్లాడలేదు నేను.

ఒక సాయంత్రం ఆయనే అన్నారు. "కంప్యూటరు కొందాం. లెక్కకు లెక్క, రాతకు రాత. తప్పొస్తే చెరిపి దిద్దుకోవచ్చు."

ఆత్మకూరులో అప్పటికి ఎవరింట్లోనూ కంప్యూటరు ఉన్నట్టు నేను వినలేదు. ఇంటి స్థలం కోసమని దాచుకున్నది కొంత ఉంది. దాన్లోంచి తీయడానికి ఒప్పుకున్నాను గానీ, పని జరిగేదాన్లో అన్నిటికన్నా చవకది కొనాలని, షాపుకు నేనూ రావాలని షరతు పెట్టాను. ఆయన వెంటనే, "నువ్వు రాకుండా ఎట్లా కొంటా?" అన్నారు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారేంటని అప్పుడే నాకు అనుమానమొచ్చింది.

మొదట నెల్లూరులో ఒక టీవీ షాపులో చూశాం. పలకంత పెట్టె, దాన్ని టీవీకి తగిలించాలి. చేసిన పని టేప్‌రికార్డరు క్యాసెట్టులో దాచుకోవాలి. అన్నిటికన్నా చవక అదే. షాపతను ఏవో గీతలు గీసి చూపించాడు. ఆయన టీవీ వైపు పెద్దగా చూడలేదు. మీటల మీద వేళ్ళు ఆనించి, ఒక్కొక్కటే నొక్కి, "నువ్వొకసారి కూర్చో" అని నన్ను కూర్చోబెట్టారు. నేను నాలుగు మీటలు నొక్కాను. అవి రబ్బరువి.

"మీటలు బాలేవు. పేజీ కొట్టేలోగా వేళ్ళు పడిపోతాయి" అన్నారు ఆయన.

షాపతను వెంటనే రేటు తగ్గించాడు. టేప్‌రికార్డరు ఊరికే ఇస్తానన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపి బయటికి నడిచారు. కోక మీద ఒక్క రూపాయి తగ్గించడం రాని మనిషి, ఇంత బేరం ఎక్కడ నేర్చుకున్నాడని నాకు ముచ్చటేసింది.

రెండోది, మూసేస్తున్న ఒక కాంట్రాక్టరు ఆఫీసులో పాత మిషను. తెర పచ్చగా వెలుగుతోంది, మీటలు గట్టివే, ధరా అందుబాటులోనే ఉంది. నాకు నచ్చింది కాబట్టి మొహం ముడుచుకుని నిలబడ్డాను. ఆయన మళ్ళీ నన్ను కూర్చోబెట్టి, గోడ పక్కకు పోయి నిలబడి, "ఏదన్నా చదువు" అన్నారు. బల్ల మీదున్న కాగితం చదివాను. పెట్టెలో ఫ్యాను బియ్యం మర ఆడినట్టు మోగుతోంది.

"వద్దు. ఈ రొదలో మనిషి మాట వినపడదు" అన్నారు.

లెక్కలు వేసుకునే మిషను దగ్గర మాటలెందుకు? ఇది గూడా బేరమే అనుకున్నాను. అమ్మేవాడూ అట్లాగే అనుకుని ఇంకొంచెం దిగాడు. ఆయన ఇంకో మాట లేకుండా వచ్చేశారు. ఈసారి నాకు ముచ్చటేయలేదు. అంత దిగినా కొనలేదంటే ఈయనకు కొనే ఉద్దేశం లేదన్నమాట.

ఆ వారంలోనే, మా వీధిలో ఉండే బస్సు కండక్టరు సాయిబు నా అనుమానానికి ఆజ్యం పోశాడు. "ఏం టీచరమ్మా, సారు శనివారం గూడా నెల్లూరు బండెక్కినారే? పోయిన నెల్లోనూ కనపడినారు" అన్నాడు. ఆ శనివారం ఆయన తొట్టి కొలవడానికి ఉదయగిరి పోతున్నానని చెప్పి వెళ్ళారు. నేను కండక్టరుకు ఏమీ తెలియనట్టు, "అవును, పనుండి పోయినారు" అని లోపలికి వచ్చాను. ఒళ్ళంతా మండిపోయింది.

కొండాపురంలో ఉన్న మా మరిది బోరు వేయించాలని అన్నను అడుగుతున్నాడని నాకు తెలుసు. ఇంటి స్థలం డబ్బు అటు పోతోందని తేల్చేసుకున్నాను. అప్పటినుంచి ఆయన చేసే ప్రతి పనీ నాకు అనుమానమే. సైకిలు మానేసి బస్టాండుకు నడిచి పోతున్నారు, ఎందుకు? గొలుసు తెగిందన్నారు, నేను పోయి చూస్తే గొలుసు బాగానే ఉంది. పేపరు నా చేత చదివించుకుంటున్నారు, ఎందుకు? "నువ్వు చదివితే వినబుద్ధి అయితాది" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఈ పొగడ్త ఏంటి? తొట్టి కొలతల పుస్తకాలు గూడా నన్నే చదవమని, తను కళ్ళు మూసుకుని వినేవారు. ఏదో పెద్ద దాన్ని దాచే మనిషే ఇంత మంచిగా ఉంటాడని నేను ఒక్కొక్కదాన్నీ కలిపి చూసుకున్నాను. అడగలేదు. అడిగితే అబద్ధం తయారు చేసుకుంటారు, పట్టుకుంటేనే నిజం బయటికొస్తుంది అనుకునే మనిషిని నేను.

వేసవి సెలవుల్లో మద్రాసు పోయాం. మేడ మీద ఇరుకు గదిలో ఒక షాపు. విడి భాగాలు తెప్పించి వీళ్ళే బిగిస్తారు, పెద్ద కంపెనీ మిషను ధరలో సగానికే వస్తుంది. అమ్మేవాడు చురుకైన కుర్రతనం దాటని మనిషి, తెలుగులో సగం అరవం. లోపల శాశ్వతంగా దాచుకునే డిస్కు ఉన్నదైతే ఇంత, రెండు ఫ్లాపీలు పెట్టుకునేదైతే ఇంత, లెక్కలు చురుగ్గా కావాలంటే ఇంకో చిప్పు వేస్తాం దానికింత అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. మా ఆయన నిదానంగా, చిప్పు వద్దు, ఒక లెక్క అరగంట పట్టినా నష్టం లేదు, ఫ్లాపీలది చాలు అన్నారు. వేళ్ళు మీటల మీద నడిపించారు. ఫ్యాను దగ్గర చెవి పెట్టారు. సమీకరణాలు కాగితం మీదికి వస్తాయా అని నేనడిగితే, అతను పక్కనున్న ప్రింటరు మీద సిగ్మా గుర్తూ, దాని కింద చిన్న అక్షరాలూ కొట్టి చూపించాడు. చుక్కలు చుక్కలుగా ఉన్నా చదవడానికి బాగానే ఉంది.

ఇట్లాంటి షాపుల్లో ముందే జవాబులు లోపల పెట్టి చూపిస్తారని మా స్టాఫ్ రూములో ఎవరో అన్నారు. అందుకని నేనొక ఉచ్చు తయారు చేసుకుని వచ్చాను. మే నెల తొట్టి కొలతలు ఒక కాగితం మీద ఎక్కించి, మధ్యలో ఒక అంకెను కావాలని అయిదు వేలు చేశాను. రోజు సగటు అసలైతే పది దాటదు. ఈ తప్పు అంకెతో నూట డెబ్బై రావాలి, కాలిక్యులేటరు మీద వేసి చూసుకున్నాను. మిషను నిజంగా లెక్క వేస్తే నూట డెబ్బై చూపిస్తుంది. దొంగదైతే నమ్మించడానికి ఏదో చక్కని అంకె చూపిస్తుంది. ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు.

"మా లెక్క వెయ్యి బాబూ" అని కాగితం అతనికిచ్చాను. అతను పైకి చదవకుండా టకటకా కొట్టాడు. నేను పక్కనుంచి తెర చూస్తూనే ఉన్నాను. నూట డెబ్బై వచ్చింది. మిషను నిజమైనదే. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం నిరాశగానే అనిపించింది.

అతను తెరను మా ఆయన వైపు తిప్పాడు. "చూడండి సార్, వచ్చింది."

ఆయన వంగి చూశారు. చాలాసేపు చూశారు. తల కొంచెం అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు. నేను లోపల నవ్వుకుంటున్నాను. రోజుకు నూట డెబ్బై మిల్లీమీటర్లంటే జానెడు లోతు తొట్టి రెండో రోజుకు ఎండిపోవాలి. ఇప్పుడు చూడు ఈ షాపు ఎగిరిపోతుంది అనుకున్నాను.

"సరిగ్గానే వచ్చిందయ్యా" అన్నారు ఆయన. "ఇది మాకు బాగుండాది."

బాగుందన్నారు. అమ్మేవాడి మొహం మీదే అన్నారు.

రేపొచ్చి చెప్తామని షాపతనితో అని, మా ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దించాను. ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నాం. నా లెక్క ప్రకారం ఇప్పుడు రెండే దారులు. ఈయన షాపువాడితో ముందే మాట్లాడుకుని, ధర ఎక్కువ చెప్పించి, మిగిలింది తమ్ముడికి పంపబోతున్నారు. లేకపోతే థీసిస్ మీద ఆశ వదిలేసుకుని, ఏ అంకె వస్తే ఆ అంకె రాసి పారేయబోతున్నారు. మొదటిదే నయమనిపించింది. మేక మూతిని గూడా నమ్మని మనిషి అంకెల దగ్గర అబద్ధం ఆడతాడంటే నేను తట్టుకోలేను.

కాఫీ వచ్చాక అడిగాను. "మన తొట్టిలో రోజుకు నూట డెబ్బై మిల్లీమీటర్లు ఎగిరిపోతాయా?"

ఆయన గ్లాసు దించి నా వైపు తిరిగారు.

"అంతొచ్చిందా?" అన్నారు.

ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయింది. నా బుర్రలో పేర్చుకున్నవన్నీ, కొండాపురం బోరు, షాపువాడి వాటా, అన్నీ ఒక్కసారి కూలిపోయాయి. సైకిలు, పేపరు, ఎర్ర అంకెల కాలిక్యులేటరు వరసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఎడమది పోయి చాన్నాళ్ళయింది. కుడి దాంట్లో అంకెలు సగం కనపడతాయి, సగం కనపడవు" అన్నారు, ఉప్మా చల్లారిపోయిందన్నంత మామూలుగా. శనివారాలు నెల్లూరు పోయింది కంటి డాక్టరు దగ్గరికి. నీటికాసులన్నాడట. కంటి నరం ఎండిపోతోందట. పోయిన చూపు రాదు, చుక్కలు వేసుకుంటే ఉన్నది కొంతకాలం నిలబడవచ్చు, నిలబడకపోవచ్చు అన్నాడట. క్లాసులో పాఠమంతా నోటికొచ్చు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"నాకు చెప్పలేదే? కండక్టరుకు తెలిసిందాంట్లో సగం గూడా నాకు తెలియకూడదా?" నా గొంతు లేచింది. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

"చెప్తే నువ్వు ఆ డాక్టర్ని నమ్మవు. ఇంకో డాక్టరు, ఆయన తర్వాత ఇంకో డాక్టరు, ఊరూరూ తిప్పుతావు. ఈ ఏడు అయిపోతాది. ఉన్న డబ్బు అయిపోతాది. ఉన్న చూపు తొట్టి పనికి రాకుండా పోతాది" అన్నారు. "మిషను కొన్నాక చెప్దామనుకున్నా."

"తిప్పుతాను. తిప్పకుండా ఎట్లా ఉంటాను? రేపటినుంచే తిప్పుతాను" అన్నాను. అన్నట్టే తరవాత తిప్పాను గూడా. అందరూ ఆ మాటే చెప్పారు. అప్పటికి నాకు అది తెలియదు. తెలిసినా తిప్పేదాన్నే.

గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు గుర్తుకొచ్చింది, ప్రతి షాపులోనూ నన్ను కుర్చీలో కూర్చోబెట్టడం. మీటలకు వేళ్ళు పడిపోతాయన్నది ఎవరి వేళ్ళ గురించి? ఫ్యాను రొదలో వినపడదన్నది ఎవరి మాట? నేనూ, ఆ షాపువాళ్ళూ, అందరం దాన్ని బేరం అనుకున్నాం. ఆయన ఒక్క వంక గూడా ఊరికే పెట్టలేదు.

"కొట్టేది నేనన్నమాట" అన్నాను.

"నువ్వు చదువుతావు, నేను వింటా. నేను చెప్తా, నువ్వు కొడతావు."

"నేను తెలుగు టీచర్ని. సిగ్మా అంటే ఏందో నాకు తెలీదు. నన్ను అడగొద్దా?"

"అడగాలని ఉండింది" అన్నారు. తల వంచుకున్నారు. "భయమేసింది."

ఆయన నోట ఆ మాట నేను అంతకు ముందు వినలేదు. ఏ ఇన్‌స్పెక్షనప్పుడూ, ఏ జబ్బప్పుడూ వినలేదు. చల్లారిన కాఫీ తాగేసి డబ్బులిచ్చి లేచాను. ఆయన లేస్తూ బల్ల అంచు తడుముకున్నారు. ఇన్నాళ్ళూ అట్లాగే తడుముకుంటున్నారు కాబోలు. మోచెయ్యి పట్టుకున్నాను. రోడ్డు దాటి, మళ్ళీ ఆ మేడ మెట్లే ఎక్కాం.

షాపతను మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయాడు. మొగుణ్ణి దింపుకుపోయిన ఆడమనిషి ఇంత తొందరగా తిరిగొస్తుందని అనుకుని ఉండడు. బేరానికి సిద్ధంగా నిలబడ్డాడు. మీటల మీద నాలుగు వంకలు నా నాలుక చివర్న ఉన్నాయి. స్టెబిలైజరు ఊరికే ఇవ్వమనాలని గూడా అనుకుంటూ మెట్లెక్కాను. తీరా కుర్చీ చూశాక ఏమీ అనబుద్ధి కాలేదు. కూర్చున్నాను. కుర్చీ ముందుకు జరుపుకుని చేతులు మీటల మీద పెట్టాను. అవి నా వేళ్ళకు సరిపోయాయి.

"చెప్పండి" అన్నాను.

ఆయన నా వెనక నిలబడి, కుర్చీ వీపు పట్టుకుని, థీసిస్ పేరు ఒక్కొక్క మాటే ఇంగ్లీషులో చెప్పారు. నేను ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని కొట్టాను. పచ్చటి అక్షరాలు వరసగా వచ్చి తెర మీద నిలబడ్డాయి. ఒక చోట తప్పు పడింది. చెరిపేది ఏ మీటో అడిగి తెలుసుకుని చెరిపి, దిద్దాను.

షాపతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత మర్యాదగా నా తల మీదుగా ఆయన్నే అడిగాడు. "తెర మీకు బాగా కనపడుతుందా సార్? వెలుగు పెంచమంటారా?"

కుర్చీ వీపు మీద ఆయన చేతులు బిగుసుకోవడం నాకు తెలిసింది.

"కనపడుతోంది" అన్నాను నేను. "పెంచక్కర్లేదు."